అద్దాల పెట్టెలో చేంతాడు

కర్నూలు రాజధానిగా ఉండిన ఆ కాలంలో ఆఫీసులు గుడారాల్లో నడిచేవి గానీ, మాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఇరవై ఏండ్ల నాకు నల్లమల చెంచుల సంస్కృతిని కాపాడే పని దొరికింది (తాత్కాలికమైనది సంస్కృతి కాదు, ఉద్యోగం). ఆత్మకూరు వైపు నుంచి జీపులో దిగిన విల్లంబులకూ, బుట్టలకూ అడవి మొహం చూడని నేనే చీటీలు రాసి అతికించాను. మా పెద్దసారు వాటిని కొత్త మ్యూజియంలో అద్దాల పెట్టెల్లో పెట్టించి, తాళంచెవులు నా చేతికిచ్చారు.

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు ఒక చెంచు ముసలాయన వెతుక్కుంటూ వచ్చాడు. తీగెలతో పేనిన లావుపాటి తాడు ముందర నిలబడి, "దీని కింద ఏం రాసినావప్పా?" అన్నాడు. గొంతు సవరించుకుని చదివాను: "క్రూరమృగములను బంధించు తాడు." ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"మృగాన్ని కాదప్పా, నన్నే కడతారు దీనికి. కొండ అంచు నుంచి తేనెపట్టు కాడికి దిగేది దీంతోనే. పైన పట్టుకునేది మా బామ్మర్ది. మీ జీపాయన చూసి ఇస్తానని తీసకపోయినాడు. పట్టు నిండింది, తాడియ్యి."

"ఇప్పుడిది సర్కారుది తాతా. మీ సంస్కృతిని కాపాడతాండాం."

"శానా మంచిది. చూసేదానికి ఏ తాడైతే ఏమి? దిగేదానికే గట్టిది కావాల."

ఉద్యోగం తలుచుకుని తాళంచెవులు జేబులో వేసుకున్నాను. నాసితాడుతో కొండ దిగే ఆయనను తలుచుకుని మళ్లీ బయటికి తీశాను. తాళం తీశాను. ఆయన తాడు భుజాన వేసుకుని పోయాక, నేను అద్దెకుండే ఇంటి అవ్వ బావి చేంతాడు తెచ్చి, చుట్ట చుట్టి ఆ పెట్టెలో పెట్టాను.

ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి సరిగ్గా దాని ముందరే ఆగి, "ఈ పేనే నైపుణ్యం నాగరికులమైన మనకేదీ?" అని కండ్లు తుడుచుకున్నారు. అంతలో జనంలోంచి మా అవ్వ గొంతు: "ఓరి నీ పాసుగూల! ఇది మా బాయి తాడు గదరా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దసారు మాత్రం తొణకలేదు. "చూశారా అయ్యా! సామాన్య ప్రజలు సైతం దీన్ని తమదిగా భావిస్తున్నారు!" అన్నారు. చప్పట్లే చప్పట్లు.

నెల తిరక్కుండా నా ఉద్యోగం ఖాయమైంది. అవ్వకు కొత్త చేంతాడు తెచ్చిచ్చాను (పాతది సర్కారుకు దానమిచ్చానని ఆమె వాడంతా చెప్పుకుంది). తర్వాత ముప్పై ఏండ్లు చీటీలు రాశాను. వాటిని చూసి ఎవరెవరు నవ్వుకున్నారో. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, నేను నిజంగా ఏదైనా కాపాడింది ఆ పెట్టె తాళం తీసిన రోజు ఒక్కటే అనిపిస్తుంది. నా సర్వీసు రిజిస్టరులో అది తప్ప అన్నీ ఉన్నాయి.