మచ్చ చూపించి అమ్మే మాలకొండమ్మ

రెండు నెలలకోసారి మాలకొండమ్మ అత్త మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరు పోతుంది. అక్కడ పెద్ద పెద్ద కంపెనీల అవుట్‌లెట్ దుకాణాలు ఉంటాయి. పోయిన ఏడాది డిజైన్లు, ఒకటి రెండు సైజులే మిగిలినవి, చిన్న లోపం ఉన్నవి సగం ధరకో, ఇంకా తక్కువకో ఇచ్చేస్తారు. షోరూములో ఏడెనిమిది వేలు పలికే డిజైనర్ కుర్తా పదిహేను వందలకు దొరుకుతుంది. మళ్లీ షోరూముకు తీసుకుపోయి మార్చుకోకుండా, మెడ దగ్గర కంపెనీ పేరున్న పట్టీ మీద కత్తెరతో చిన్న గాటు పెడతారు. అత్త రెండు సంచుల నిండా తెచ్చి, ఆదివారాలు తన ముందుగదిలో చాప పరిచి అమ్ముతుంది.

ఆమె నాకు చుట్టం కాదు. మా వీధి ఆవిడ. ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా అమ్మ మంచాన పడింది, నా చదువు ఆగిపోయింది. నా చేతి కుట్టు చూసి అత్తే పిలిచి పని ఇచ్చింది. ఊడిన గుండీలు వేయడం, లేచిన దారాలు లోపలికి లాగడం, పట్టీల మీద ఇంగ్లీషులో రాసింది చదివి చెప్పడం నా పని.

ఒకసారి నన్ను కూడా బెంగళూరు తీసుకుపోయింది. ఆ అద్దాల తలుపు, నున్నటి నేల చూసి చెప్పులు బయటే విడిచాను. కాపలా మనిషి నవ్వాడు. "వేసుకోవే, గుడి కాదు," అని అత్త నా చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. ఆ పూటంతా నేను తల ఎత్తలేదు. అత్త మాత్రం ఏసీ దుకాణంలో సంతలో తిరిగినట్టు తిరిగింది. ప్రతి గుడ్డనూ బొటనవేలితో నొక్కి చూసింది.

అత్త పుట్టిల్లు రాచర్ల దగ్గర. గొర్రెలు కాచే ఇల్లు. వాళ్ల నాయన గొర్రెను కొనేటప్పుడు దాని వెన్ను అట్లాగే నొక్కి చూసేవాడట. అమ్మేటప్పుడు కుంటికాలు ఉంటే ముందు ఆ కాలు ఎత్తి చూపించి, తర్వాతే బేరం మొదలుపెట్టేవాడట. అత్తదీ అదే పద్ధతి. ఏ గుడ్డ తీసినా ముందు లోపం మీద వేలు పెడుతుంది. "ఇదిగో, ఈడ దారం లేచింది. ఇష్టమైతేనే రేటు అడగండి," అంటుంది. ఆ మాట మీద నమ్మకంతోనే బజారులో దుకాణాలున్న ఇళ్ల ఆడవాళ్లు కూడా గుడ్డను తిరగేసి చూడకుండా సంచిలో వేసుకుని పోయేవాళ్లు. వాళ్లెవరూ ఊరికే నమ్మే మనుషులు కాదు.

పోయిన మాఘమాసంలో నెమలికంఠం రంగు పట్టు కుర్తా ఒకటి వచ్చింది. వెనకవైపు భుజం కింద శనగగింజంత చిరుగు. ఆ కుర్తా అంచు లోపలి నుంచే దారాలు తీసి రెండు మధ్యాహ్నాలు కూర్చుని రఫూ చేశాను. నేనే వెతుక్కోవలసి వచ్చేంత కలిసిపోయింది. ఆ ఆదివారం రాచర్లలో ఎవరో పోతే అత్త అక్కడికి వెళ్లింది. "వచ్చినోళ్లకు నువ్వే చూపించు. మచ్చ మర్చిపోవాకు," అని చెప్పి పోయింది.

సావిత్రమ్మ వచ్చింది. వాళ్లకు బజారులో పప్పుల దుకాణం. ఆమె వెనకాల కూతురు వైష్ణవి. పదో తరగతిలో నా బెంచీయే. ఇప్పుడు బీటెక్ అయిపోవస్తోంది.

"పార్వతీ, నువ్వు ఈడ పని చేస్తన్నావా?" అంది వైష్ణవి. "మాకందరికీ లెక్కలు నువ్వే కదే చెప్పేదానివి."

ప్రేమగానే అంది. నేను చాప మీది గుడ్డలు సర్దసాగాను. వాళ్ల అన్న నిశ్చితార్థానికి కావాలని ఆ కుర్తానే తీసింది.

"దీనికేమన్నా ఉందా? మాలకొండమ్మ అయితే ముందే చెప్తది," అంది సావిత్రమ్మ.

నా వేలు ఆ చోటుకు పోవాలి. చిరిగిన గుడ్డ మీద వేలు పెట్టి వైష్ణవికి చూపించాలి. నా వల్ల కాలేదు.

"ఏం లేదమ్మా," అన్నాను.

అత్త వచ్చాక కూడా చెప్పలేదు.

మూడో ఆదివారం గదిలో నలుగురు ఆడవాళ్లు ఉండగా సావిత్రమ్మ వచ్చి సంచి చాప మీద పెట్టింది. "నీ మాట నమ్మి తిరగెయ్యకుండా తీసుకపోయినాం మాలకొండమ్మా. ఫోటోకని పిల్ల చెయ్యెత్తేసరికి పర్రుమనె. గిద్దలూరు పెళ్లికూతురోళ్లు అంతా చూసినారు. ఏ షోరూములో కొన్నారని నవ్వుతా అడిగినారు. పిల్ల చున్నీ కప్పుకొని కూర్చుండె అంతసేపూ."

అత్త కుర్తా తిరగేసింది. రఫూ కుట్టు చూసింది. ఆ ఇంట్లో సూది పట్టేది నేనొక్కదాన్నే. అయినా నా వైపు చూడలేదు.

"తప్పు నాదే సావిత్రమ్మా. లోపం ఉండె. మీకు చూపించలేదు," అని డబ్బు తెచ్చి ఇచ్చింది.

నేను మూలన కూర్చుని ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు.

అందరూ వెళ్లాక అడిగింది. "ఎందుకు చెప్పలేదే?"

"సిగ్గేసింది అత్తా, వైష్ణవి ముందర."

"చినిగింది గుడ్డ. నీకెందుకు సిగ్గు?" అంది. తిట్టలేదు. చాప చుట్టేసి లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజులకు ధైర్యం చేసి పప్పుల దుకాణానికి పోయాను. గల్లా దగ్గర సావిత్రమ్మ ఉంది. కందిపప్పు కొనేవాళ్లు పోయేదాకా పక్కన నిలబడి, అప్పుడు చెప్పాను. "అమ్మా, చిరుగు చూపించకుండా అమ్మిన సంగతి అత్తకు తెలియదు. కుట్టింది నేను. లేదని చెప్పింది కూడా నేనే."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది.

"మా గుమాస్తా పప్పులో రాళ్లు కలిపినాడనుకో. జనం గుమాస్తాను తిడతారా, దుకాణాన్ని తిడతారా?"

"దుకాణాన్నే."

"మరి? చెప్పినావు, మంచిదే. పో పాపా, ఎండలో వచ్చినావు." అప్పటికి ఇంకో బేరం వస్తే అటు తిరిగింది.

ఆమె మళ్లీ రాదనుకున్నాను. కొత్త సరుకు దిగిన ఆదివారం వచ్చింది. తెల్లదారంతో పూలు కుట్టిన తెల్లటి చికన్ పనితనం కుర్తా ఒకటి తీసి, లోపలి వైపు బయటికి తిప్పి, చంకల కిందా భుజాల మీదా వేళ్లతో తడిమి చూసింది. ఆమెను చూసి పక్కనున్నావిడ కూడా తన చేతిలోది తిరగేసింది. తర్వాత మూడో ఆవిడ. అత్త లేచి వాళ్లకు వెలుతురు పడేటట్టు కిటికీ రెక్కలు బార్లా తీసి వచ్చి కూర్చుంది.