రెండున్నర సెంటీమీటర్లు

ఆ వీధిలో ఆమె అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. బట్టల దుకాణం పైనున్న రెండు గదుల్లో పసిపిల్లల పోషణ కేంద్రం నడుపుతుంది కాబట్టి అందరికీ ఆమె సెంటరమ్మ. పదిహేడేళ్ళుగా అవే మెట్లు ఎక్కి దిగుతోంది. రెండేళ్ళలోపు పిల్లలు ఇరవైముగ్గురు, వంటకీ తుడవడానికీ ఒక ముసలి ఆయా, గోడకి ఒక గడియారం. ఆ గడియారం ఆగిపోయినా ఆమె పని ఆగేది కాదు.

నెలలో మొదటి మంగళవారం కొలతల రోజు. ఇంత చిన్నపిల్లల్ని పొడవాటి చెక్క పలక మీద పడుకోబెడతారు. తల ఒక చివరనున్న నిలువు చెక్కకి ఆనాలి. కాళ్ళవైపు ఇంకో చెక్కని పాదాలు తగిలేదాకా జరిపి అంకె చూడాలి. ఆ అంకెని సెంటరమ్మ ఫోన్‌లో ఎక్కిస్తే, ఆ వయసుకి ఉండాల్సిన పొడుగు ఒక గీతగా కనపడుతుంది. గీత కింద ఉన్న పిల్లకి రోజూ ఇంకో గుడ్డు, నెలకి రెండు పాలపొడి ప్యాకెట్లు. వరసగా మూడు నెలలు గీత పైన ఉంటే ఆ పేరు జాబితాలోంచి దానంతటదే పోతుంది. ఎవరూ కొట్టేయక్కర్లేదు.

ఆ చలికాలంలో ఒక పిల్లాడు తల చెక్కకి కొట్టుకుని గుక్కపట్టి ఏడ్చాడు. వాళ్ళమ్మ పది రోజులు వాణ్ణి తీసుకురాలేదు. సెంటరమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో పాత సోఫా స్పాంజి ముక్క కోసి, దుప్పటి గుడ్డ తొడిగి, నిలువు చెక్కకి నాడాలతో కట్టింది. పిల్లలు ఏడవడం మానేశారు. తల్లులు మెచ్చుకున్నారు. “మహారాజులకి కూడా ఇంత మర్యాద జరగదమ్మా” అంది ఆయా.

అంకెలు చెక్క దగ్గర మొదలవుతాయి. ఇప్పుడు పిల్లల తలలు స్పాంజి దగ్గర మొదలవుతున్నాయి. ఈ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ నెలలో ఆ కేంద్రం పిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యారు. పై ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి కంప్యూటర్ తెర మీద అది చూసి పరుగెత్తుకొచ్చింది. ఆయా ఆమెకి వచ్చిన రోజే గ్రాఫు పిల్ల అని పేరు పెట్టేసింది.

“ఏం మార్చారు మేడం ఇక్కడ?” అని అడిగింది గ్రాఫు పిల్ల.

సెంటరమ్మ నిజాయితీగానే ఆలోచించింది. “పదకొండున్నరకి పెట్టే భోజనం పదింటికే పెడుతున్నాం మేడం. తల్లుల్ని పక్కన కూర్చోమంటున్నాం.”

నెల తిరిగేసరికి నలభై కేంద్రాలకి ఆర్డరు వెళ్ళింది, భోజనం పదింటికి పెట్టాలని. సెంటరమ్మ ఫోటో ఆఫీసు గోడెక్కింది. లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. “నలభై మంది వంటమనుషులు పొద్దున్నే లేచి నిన్ను తలుచుకుంటుంటారే. ఎలా తలుచుకుంటారో మాత్రం అడక్కు.”

మరో రెండు నెలలకి తొమ్మిది పేర్లు జాబితాలోంచి పోయాయి. అందులో ఒకటి, మెట్ల కింద ఇస్త్రీ బల్ల పెట్టుకున్నావిడ కూతురు. అప్పటికి ఆ పిల్లకి ఏడాది. ఇస్త్రీ ఆవిడ పైకొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

“అక్కా, పాలపొడి ఆపేశారట. ఇంకొన్నాళ్ళు ఇస్తే ఏం పోయింది?”

“నీ పిల్ల గీత దాటిందే! దిగులుపడతావేంటి, సంతోషించాలి గానీ.”

ఆవిడ నిజంగానే సంతోషించింది. చొక్కాలు మడతపెడుతూ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది, మా పిల్ల గీత దాటిందని.

ఇంకో మూడు నెలలకి, కొలతల ముందురోజు, ఆయా ఆ స్పాంజి దిండు ఉతికింది. మంగళవారానికి ఆరలేదు. సరే, ఈ ఒక్కసారికి లేకుండా కానిద్దామనుకున్నారు. మొదట ఇస్త్రీ ఆవిడ కూతురు. పోయిన నెల డెబ్భైరెండున్నర సెంటీమీటర్లు. ఇవాళ డెబ్భై మీద నాలుగు మిల్లీమీటర్లు, అంతే. ఫోన్ ఎర్రబడింది: గతసారి కన్నా తక్కువ, సరిచూడండి.

“పిల్లేమన్నా నూలుబట్టా తల్లీ, ఉతికితే పొట్టి అవడానికి?” అంది ఆయా.

మళ్ళీ కొలిచారు. అంతే. ఇంకో పిల్లాడు రెండు తగ్గాడు. మూడో పిల్ల రెండుంబావు. సెంటరమ్మ దిండు లేని ఆ నిలువు చెక్క వంక చూసింది. తల చెక్కకి ఆనాలి, మధ్యలో జడపిన్ను కూడా ఉండకూడదు అని శిక్షణలో చెప్పారు. ఇన్నాళ్ళూ జడపిన్నులు తీయించింది. స్పాంజి మాత్రం తనే కట్టింది.

ఆ నిమిషంలోనే ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పి ఉంటే అది వట్టి పొరపాటుగానే మిగిలేది. ఆమె కిటికీలోంచి కిందకి చూసింది. ఇస్త్రీ ఆవిడ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

“పిన్నీ, ఆ దిండు పట్టుకురా” అంది ఆయాతో.

“తడిసి ముద్దగా ఉందమ్మా.”

“గట్టిగా పిండి పట్టుకురా.”

ఇరవైముగ్గురూ తడి దిండుకి తలానించి పొడుగయ్యారు. ఫోన్ పచ్చబడింది.

ఆ నెలంతా రోజూ మెట్ల దగ్గర ఇస్త్రీ ఆవిడ పిల్లని పైకెత్తి, “అక్కా, గీత దాటిన మనిషొచ్చింది చూడు!” అనేది. సెంటరమ్మ నవ్వి పైకెళ్ళిపోయేది. మూడు రోజులు ఇంటినుంచి ఒక ఉడికించిన గుడ్డు తెచ్చి ఆ పిల్లకి చాటుగా తినిపించింది. నాలుగోరోజు ఇంకో పిల్లాడు పాక్కుంటూ వచ్చి చెయ్యి చాపాడు. వాడూ ఆ తొమ్మిది మందిలో ఒకడే. ఆ గుడ్డు సగం చేసి ఇద్దరికీ పెట్టి, మర్నాటినుంచి తేవడం మానేసింది. తొమ్మిది గుడ్లు తెస్తే తల్లులు ఎందుకని అడుగుతారు.

మళ్ళీ కొలతల రోజుకి గ్రాఫు పిల్ల తనే వచ్చింది. ముఖం గంటుపెట్టుకుని ఉంది.

“పదింటి భోజనం వల్ల మిగతా నలభై చోట్లా ఏ మార్పూ లేదు మేడం. వాళ్ళు మనసుపెట్టి చెయ్యట్లేదని మా పైవాళ్ళ అనుమానం. వాళ్ళందరికీ నోటీసులు వెళ్తున్నాయి.”

సెంటరమ్మ లోపలికెళ్ళి, దిండు కట్టిన పలకని తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టింది. “నోటీసులు ఆపించండి మేడం. మా పిల్లల పొడుగు పెంచింది ఇదే.”

గ్రాఫు పిల్ల స్కేలు పెట్టి చూసింది, రెండున్నర సెంటీమీటర్లు. నొక్కి చూసింది. ఏమీ తిట్టలేదు.

“రెండున్నర తీసేసి లెక్కేసుకోకూడదా?” అంది సెంటరమ్మ.

“తల ఎంత నొక్కితే అంత మారుతోంది మేడం. అందర్నీ మళ్ళీ కొలవాల్సిందే.”

కొలిచారు. పద్నాలుగు మంది గీత కింద తేలారు. అందులో తొమ్మిది మంది జాబితాలోంచి పోయినవాళ్ళు.

“మీకెప్పుడు తెలిసింది మేడం?”

“ఇవాళే. పలక దులుపుతుంటే.” మాట ఆమె ఆపేలోపే బయటికొచ్చింది. ఆయా తల తిప్పుకుని గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

గ్రాఫు పిల్ల కారణం అన్న గడిలో ‘పరికర లోపం’ అని రాసుకుంది. పేర్లు మళ్ళీ జాబితాలోకి రావడానికి రెండు మూడు వారాలు పడుతుందని చెప్పి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సెంటరమ్మ కిందకి దిగింది. ఇస్త్రీ ఆవిడకి దిండు సంగతి మొదటినుంచీ చెప్పింది. ఆవిడ చెయ్యి ఆగలేదు. ఒక చొక్కా పూర్తయ్యాక అడిగింది.

“అయితే మా పిల్ల గీత దాటలేదా?”

“లేదు.”

“నేను వీధంతా చెప్పుకున్నాను కదక్కా.” ఆ చొక్కా మడతపెడుతూ, “పోనీలే. ఏడవకూడదనేగా కట్టావు. తెలియక జరిగినదానికి నువ్వు మాత్రం ఏం చేస్తావు” అంది.

అక్కడితో వెనక్కి తిరిగి ఉండొచ్చు. సెంటరమ్మ రెండడుగులు వేసింది కూడా. ఆగింది.

“పోయిన నెలే తెలిసింది నాకు. తెలిసే మళ్ళీ కట్టాను.”

ఇస్త్రీ ఆవిడ పెట్టెని నిలబెట్టి స్విచ్చి ఆపింది.

“ఎందుకు?”

“భయమేసింది.”

“ఉద్యోగం పోతుందనా?”

“కాదు. ఇలాంటివాటికి ఉద్యోగం పోదు.” సెంటరమ్మ బల్ల వైపు చూస్తూ అంది, “పేరొచ్చింది కదా. అది పోతుందని.”

“ఈ నెలంతా రోజూ నీకు పిల్లని ఎత్తి చూపించాను. నువ్వు నవ్వావు.”

“నవ్వాను.”

“పోయిన ఈ నెలల తిండి, ఇప్పుడు పెడితే వస్తుందా?”

ఈ ప్రశ్నకి జవాబు పదిహేడేళ్ళుగా ఎందరో తల్లులకి బొమ్మలు చూపించి మరీ చెప్పింది ఆమె. “కొంత వస్తుంది. అంతా రాదు.”

“మిగతా ఎనిమిది మందికీ చెప్పావా?”

“ముందు నీ దగ్గరికే వచ్చాను.”

“వెళ్ళి చెప్పు మరి. ఈ నెల సంగతి కూడా చెప్పు. చెప్పావో లేదో వాళ్ళని నేనడుగుతాను.” ఆవిడ స్విచ్చి వేసి ఇంకో చొక్కా పరిచింది. మళ్ళీ తలెత్తలేదు.

వీధి మలుపులో నిలబడి సెంటరమ్మ ఆఫీసుకి ఫోన్ చేసింది. “మేడం, ఇవాళ కాదు. నెల కిందటే తెలిసింది నాకు. అబద్ధం చెప్పాను. రాసుకోండి.”

అవతల గ్రాఫు పిల్ల గొంతు, ఎప్పటిలాగే: “పోయిన నెల అంకెలు విడిగా పెట్టాలి మేడం. తేదీ చెప్పండి.”

చెప్పింది. ఫోన్ సంచిలో వేసుకుని మొదటి ఇంటి తలుపు తట్టింది. తీసిన తల్లి చంకలో, గుడ్డుకోసం చెయ్యి చాపిన ఆ పిల్లాడే ఉన్నాడు.

“అయ్యో, మీరా! రండక్కా, కూర్చోండి” అందా తల్లి, కుర్చీ మీది బట్టలు తీస్తూ.

సెంటరమ్మ కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టింది.