వకుళ చూపించే కొండ చర్చి

దక్షిణ జర్మనీలోని ఓ పల్లె జిల్లాలో కోటలూ చర్చిలూ చూపించే పని కోసం, జగిత్యాల వకుళ అక్కడి రాజుల పేర్లన్నీ నాలుక మెలి తిరిగేలా బట్టీ పట్టింది. కరోనా రోజులు కావడంతో మాటకోసారి మాస్కు ముక్కు మీదికి లాక్కుంటుంది, గొడుగు పైకెత్తి ముందు నడుస్తుంది. ఆ రోజు గైడు పరీక్ష. వెనకే జిల్లా ఆఫీసరమ్మ కాగితాలతో వస్తోంది. ఆమెకు నచ్చకపోతే ఈ పని రాదు. కొండమీది చర్చి గడప దగ్గర వకుళ అలవాటు కొద్దీ బూట్లు విప్పేసింది.

"చరిత్ర చెప్పడానికి ఈ చలిలో కాళ్లు గడ్డకట్టాలా?" అన్నాడు చూడవచ్చిన ఊరి ముసలాయన. ఆఫీసరమ్మ కలం ఆగింది.

"దేవుడి దగ్గరికి మేమిలాగే వెళతామండీ," అంది వకుళ.

"మా నాయనమ్మ కూడా మొక్కుంటే వట్టికాళ్లతోనే ఈ కొండెక్కేది. నీ పుస్తకంలో ఉందా ఆ సంగతి?" అన్నాడు ముసలాయన.

లేదు. వకుళ పరీక్ష మాటే మరిచిపోయి, "ఏ నెలలో ఎక్కేవారండీ?" అని అడిగింది.

ఆఫీసరమ్మ టిక్కు పెట్టింది.