గాజుగొట్టంలో నీటి గీత

వరదయ్యకు ఇంజన్లో దయ్యం కనబడిందనీ, మొన్న ఆదివారం ఆయన పెట్టిన కేకలన్నీ అందుకేననీ చూలై పేటలో ఇంటింటా చెప్పుకుంటున్నారు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆ ఆదివారం ఆయన భార్య చెంగమ్మ అక్కడే ఉంది. జరిగింది ఇదీ.

వరదయ్య నలభై ఏళ్లు రైల్వేలో పనిచేసి, రిటైరయ్యాక రైలు మ్యూజియంలో పాత బొగ్గింజను తోలుతున్నాడు. ఆదివారాలు దానికి రెండు చిన్న పెట్టెలు తగిలించి, పిల్లల్ని ఎక్కించుకుని ఆవరణంతా ఒక చుట్టు తిప్పుతాడు. బాయిలర్లో నీళ్లెన్ని ఉన్నాయో తెలిసేది ఎదురుగా ఉన్న గాజుగొట్టంలో. గొట్టం నిండా ఉన్నా, బొత్తిగా లేకపోయినా చూపుకు ఒకటే. మధ్యలో నీటి గీత కనబడితేనే నమ్మకం. నీళ్లు లేకుండా నిప్పు మండిందా, బాయిలరు పేలిపోతుంది. పెళ్లయిన కొత్తలోనే ఈ మాట చెప్పి చెంగమ్మను హడలగొట్టాడు.

ఆ పొద్దు మనవరాలు రంజని మొదటి పెట్టెలో కూర్చుంది. చెంగమ్మ నిలబడ్డ కంచె దగ్గరికొచ్చి బండి ఠక్కున ఆగింది. వరదయ్య గొట్టానికి ముఖం ఆనించినంత పనిచేశాడు. గొట్టం కింద నీళ్లు వదిలి చూసే కుళాయి తిప్పాడు, మళ్లీ తిప్పాడు. వెనక పిల్లలు 'కూ' అని ఒకటే అరుపులు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది.

“దిగండి! అందురూ దిగి పరిగెత్తండి! చెంగమ్మా, పాపని లాగు!”

రంజని కిటికీ చువ్వ వదలదు. చెంగమ్మ కంచె దాటి, పాప వేళ్లు విడదీసి, బిడ్డను చంకనేసుకుని టికెట్ల గది దాకా ఉరికింది. తిరిగి చూస్తే మొగుడింకా ఇంజన్లోనే, ఒంటరిగా, నిప్పులు కిందికి లాగిపోస్తున్నాడు. ఇప్పుడు పేలుతుంది, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూ పాప చెవులు మూసింది. తన చెవులు మూసుకోడానికి చేతులు చాలలేదు.

పేలలేదు. వెనక పెట్టెలో పిల్లల్ని చూసుకునే మాదయ్య వచ్చి ఇంజనెక్కి గొట్టం చూశాడు.

“ఏందిన్నా, సగానికి నీళ్లుండాయి గదా! ఇంత బాగా తెలస్తా ఉంటే నిప్పు ఎందుకు లాగేస్తివి?”

పాపనెత్తుకుని దగ్గరికొచ్చిన చెంగమ్మ ఆ మాట వింది. అసలు భయం ఆమెకు అప్పుడు పుట్టింది. కొన్నాళ్లుగా ఆయన గ్లాసులోకి నీళ్లు వంచుకునేటప్పుడు లోపల వేలు పెట్టుకుంటున్నాడు. పాడు అలవాటని తిట్టింది గాని, ఎందుకని అడగలేదు.

ఇంటికొచ్చి తలుపు వేసి అడిగేసింది.

“నిజం చెప్పయ్యా. ఆ గీత నీకు కనపడక ఎన్నాళ్లాయె? కనపడకుండా ఎట్టా తోల్తా ఉండావు?”

“నాలుగు నెలలాయె. కుళాయి తిప్పితే నీళ్లొచ్చే సద్దు వేరే, ఆవిరొచ్చే సద్దు వేరే. చెవుల్తోనే తోల్తా ఉంటిని. ఈ పొద్దు పిల్లకాయల గోలలో అదీ ఇనపడలేదే.”