అద్దం మీద కొబ్బరినూనె వేలిముద్ర

దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి రండి. మధ్యలో లేస్తే ఈ సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది, నాకేమో రెండుసార్లు చెప్పే ధైర్యం లేదు.

నేను దయ్యాలను నమ్మిన మనిషిని కాను. ఊళ్లో ఉన్నప్పుడు నమ్మలేదు, పట్నం వచ్చాకా నమ్మలేదు. తాళాలు వేసిన గదులు తీసి, ఎవరూ తిరగని మెట్లు ఊడ్చే పని నాది. భయస్తులు ఆ పని చేయలేరు. ఇప్పటికీ నేను దయ్యం అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, దానికి పేరు మీరే పెట్టుకోండి.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఒక గల్లీలో పాత మేడ ఉంది. ఒక జిల్లా యూనివర్సిటీ వాళ్ల పట్నం సెంటర్ అందులో నడుస్తుంది. పని చేసుకుంటూ చదువుకునే పిల్లలు అక్కడికి క్లాసులకు వస్తారు. నేనూ సత్తెక్కా అక్కడ స్వీపర్లం. సత్తెక్క నాకు చుట్టం కాదు. పాలమూరు వైపు మనిషి, నాకంటే చాలా పెద్దది. కాచిగూడలో ఒక గదిలో ఒక్కతే ఉండేది. చీపురు ఎలా పడితే నడుము నొప్పి పుట్టదో నాకు నేర్పింది ఆమే. మేమిద్దరం ఒక ఏజెన్సీ కాంట్రాక్టు మీద పనికి పెట్టిన మనుషులం. ఏజెన్సీ వద్దన్న రోజున ఇంటికి పోవాలి.

మా ఇంటాయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం డయాలిసిస్ చేయించాలి. నా ఉద్యోగం మీద ఈఎస్ఐ కార్డు ఉంది కాబట్టి అది జరుగుతోంది. ఉద్యోగం పోతే కార్డు పోతుంది, కార్డు పోతే మనిషి పోతాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

సెంటర్‌లో మెట్ల కింద గోడకు వేలిముద్ర మిషన్ ఉంది. బొటనవేలు పెడితే మన ఫొటో కనిపించి ‘థ్యాంక్యూ’ అంటుంది. పట్టకపోతే ‘ట్రై అగైన్’ అంటుంది. ఫినాయిల్లో, యాసిడ్‌లో నానిన వేళ్లు మావి. గీతలు అరిగిపోయి ఉంటాయి. దానికి సత్తెక్క ఒక ఉపాయం కనిపెట్టింది. కొబ్బరినూనె రాసిన తలకు వేలు రుద్ది పెడితే మిషన్ పట్టేది. నా వేలు పడకపోతే నా చెయ్యి పట్టుకుని తన తలకే రుద్దేది.

“తలకు నూనె వెట్టుకునుడు గూడ పిసినారితనమేనానే అంజమ్మా? రా, నా తల వాడుకో” అనేది.

ఫొటో తీసిన రోజు లైటు పడగానే సత్తెక్క కళ్లు మూసుకుంది. అందుకని మిషన్‌లో ఆమె ఎప్పుడూ కళ్లు మూసుకునే కనిపించేది. వాచ్‌మన్ ఖాజా భాయ్ దాని మీద ఆటపట్టించేవాడు.

“సత్తెమ్మకు నిద్రవోతే హాజరు ఏస్తుండ్రు. నేను జర కునుకు తీస్తే మెమో ఇస్తరు.”

“నీ నిద్రకు గురక ఉంటది భాయ్. గల్లీ అంత లేస్తది. నాది సప్పుడు లేని నిద్ర” అనేది ఆమె.

తర్వాత యూనివర్సిటీకి సర్కారు పైసలు రావడం తగ్గిందన్నారు. మొదట గంటల లెక్కన పాఠాలు చెప్పే సార్లను, మేడమ్‌లను రావద్దన్నారు. ఆ తర్వాత లైబ్రరీ మూశారు. పై అంతస్తు గదులకు ఒక్కొక్కటిగా తాళం పడింది. ఊడ్చే గదులు తగ్గిన కొద్దీ నాకు భయం పెరిగింది.

ఆ రోజుల్లోనే మా ఆయనకు ఊపిరి ఆడక దవాఖానలో చేర్చాం. సెలవు చెప్పి అక్కడే ఉండిపోయాను. ఆయన్ని చాదర్‌ఘాట్‌లో మా ఇంటికి తెచ్చుకుని, మళ్లీ పనికి పోయేసరికి సత్తెక్క లేదు.

ఆమె పేరు తీసేశారట. ఆఫీసు చూసుకునే ప్రసాద్ సార్, ఏజెన్సీ వాళ్లు చెబుతారులే అనుకున్నాడు. ఏజెన్సీ వాళ్లు సారే చెబుతాడనుకున్నారు. సత్తెక్కకు ఎవరూ చెప్పలేదు.

గేటు దగ్గర ఖాజా భాయ్ తల వంచుకుని చెప్పాడు.

“రోజు వచ్చేది అంజమ్మా. వేలు వెడితే ట్రై అగైన్ అనేది అది. తలకు రుద్ది మల్ల వెట్టేది. ‘నా వేలు అరిగింది భాయ్, ముసల్దాన్నయితి’ అనేది. నిమ్మకాయ రుద్దింది. ఇటుక పెళ్లకు రుద్దింది, నెత్తురొచ్చింది. హాజరు పడకున్నా అంత ఊడ్చి పోయేది. పేరు తీసేసిన్రని నాకు గూడ తెల్వదు. ఒకనాడు ఇటు వస్తుంటే కోఠి బస్టాపుల కూలవడ్డదంట. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది.”

నేను ఏడవలేదు. ఏడవడానికి కూర్చుంటే హాజరు టైము దాటుతుంది. కొంగుతో ముఖం తుడుచుకుని మిషన్ దగ్గరికి పోయాను.

మిషన్ అద్దం మీద నూనె మరక ఉంది. బొటనవేలు ముద్ర, తడిగా. దానికి ఒక తెల్ల వెంట్రుక అంటుకుని ఉంది. ఖాజా భాయ్ గేటు తీసింది నా కోసమే, నాకంటే ముందు ఎవరూ లోపలికి రాలేదు. ఏదో పాతదిలే అనుకుని తుడిచి, వేలు పెట్టాను.

‘థ్యాంక్యూ’ అంది. కనిపించింది సత్తెక్క ముఖం.

ఆమె కళ్లు తెరిచి ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

 చెయ్యి ఊపితే ఖాజా భాయ్ వచ్చాడు. మళ్లీ పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అంజమ్మా, గీ ఫొటోల ఈమె కండ్లు మూసుకొని ఉండె గదా?”

ప్రసాద్ సార్ వచ్చి కంప్యూటర్ తీశాడు. అందులో సత్తెక్క పేరు లేదు. “నా చేత్తో నేనే తీసేశానమ్మా. లేని పేరు ఎలా చూపిస్తుందది?” అన్నాడు. నా హాజరు మాత్రం పడలేదు. మెకానిక్‌ను పిలిపించారు. అతను మిషన్‌లో ఉన్నదంతా చెరిపేసి, నా వేలు కొత్తగా ఎక్కించాడు. సాయంత్రం పరీక్షకు వేలు పెడితే నా ముఖమే వచ్చింది. మర్నాడు పొద్దున అద్దం మీద మళ్లీ నూనె, మళ్లీ సత్తెక్క, మళ్లీ ఆ కళ్లు.

అలా ఆ వారమంతా రోజూ జరిగింది. రోజూ పనికి వస్తున్నాను, రోజూ రానట్టే పడుతోంది.

ప్రసాద్ సార్ చెడ్డవాడు కాదు. “నువ్వొచ్చావని నేను కళ్లారా చూస్తున్నాను అంజమ్మా. కానీ మిషన్‌లో లేకపోతే ఏజెన్సీకి నువ్వు రానట్టే. వాళ్లు ఇంకో మనిషిని తగ్గించడానికి సాకు వెతుకుతున్నారు. శనివారం నేను హాజరు పంపించాలి. అప్పటికి ఒక్కరోజన్నా పడితే మిగతావి మిషన్ చెడి పడలేదని రాస్తాను. అదీ పడకపోతే నేనేం చెయ్యలేను” అన్నాడు.

ఇంట్లో చెప్పలేదు. మా ఆయన ముఖంలోకి చూడలేక అన్నం పెట్టి పక్కకు తిరిగేదాన్ని. సత్తెక్కకు నా మీద కోపం అనుకున్నాను. నేనుండి, తాను పోయిందని. తన జాగా తనకు ఇమ్మని అడుగుతోందని. ఆమెను తలుచుకుంటే ప్రేమ, ఆ అద్దం తలుచుకుంటే వణుకు.

శనివారం పొద్దున పోయేసరికి నూనె మరక ఉంది. తుడవబోయి ఆగాను. నూనెలో సన్నగా ఎర్రటి చార ఉంది. నెత్తురు.

అప్పుడు తట్టింది నాకు. కోపంతో వచ్చే మనిషి తలకు వేలు రుద్దుకుని రాదు. ఈమె నా మీదికి రావడం లేదు. పనికి వస్తోంది. తన వేలు అరిగిందనే ఇంకా అనుకుంటోంది. ఆమెకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

మిషన్ ముందు నిలబడి, బతికున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాను. ఖాజా భాయ్ గేటు దగ్గర నుంచి వింటున్నాడు.

“సత్తెక్కా, నీ వేలు మంచిగున్నదే. అరగలే. నీ పేరు తీసేసిన్రు. నీకు చెప్పాలె, ఎవ్వరు చెప్పలే. ఇగ రుద్దకు, నొస్తది. నువ్వు ఊడ్చింది సాలు. ఇంటికి పో అక్కా. నా ఇంటాయనకు ఈ పని కావాలె, నాకు వదిలిపెట్టు.”

నేను వేలు పెట్టలేదు. అద్దానికి జానెడు దూరంలో ఉంది నా చెయ్యి. ఖాజా భాయ్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు, పెట్టలేదని.

మిషన్‌లో సత్తెక్క ముఖం వచ్చింది. కళ్లు మూసుకుని ఉంది, వెనకటిలాగే, లైటు పడ్డప్పటిలాగే. ‘థ్యాంక్యూ’ అంది మిషన్. దీపం ఆరినట్టు ముఖం పోయింది.

అప్పుడు నేను తలకు వేలు రుద్ది పెట్టాను. నా ముఖం వచ్చింది. హాజరు పడింది. ప్రసాద్ సార్ అదే పంపాడు. ఆ రోజు కార్డు మీద మా ఆయనకు డయాలిసిస్ జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది.

ఆ తర్వాత అద్దం మీద నూనె మరక ఎప్పుడూ కనిపించలేదు. మెకానిక్ వైర్లలో ఏదో లోపమన్నాడు. ప్రసాద్ సార్ ఆ సంగతి ఎత్తితే లేచి బయటకు పోతాడు. మూసిన కళ్లు ఎలా తెరుచుకున్నాయో, ఎవరూ ముట్టని మిషన్ ఎవరికి థ్యాంక్యూ చెప్పిందో నేను ఎంత ఆలోచించినా తేలలేదు. ఆ సెంటర్ ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. రోజూ మిషన్ దగ్గర వేలు పెట్టే ముందు, ఇంకో మనిషికి చోటిచ్చినట్టు పక్కకు కొంచెం జరిగి నిలబడతాను. ఎందుకో అడగకండి.

ఇక లేవండి, పొయ్యి చల్లారి ఉంటుంది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. పనికి పోయిన మీ వాళ్లు పొద్దు గూకేసరికి ఇంటికి చేరాలి. ఒకవేళ ఎవరైనా మీ వాళ్లను రావద్దనే రోజు వస్తే, ఆ మాట ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే మనిషి ఒకరన్నా మీకు దొరకాలి.