ఎస్తేరు నడక

2023 జూన్. ఎండలు ఇంకా తగ్గలేదు. తెనాలి రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, ఒక మందుల షాపు మేడ మీద నా ఫిజియోథెరపీ క్లినిక్. రెండే గదులు. ఒకదాంట్లో మంచాలు, కరెంటు పెట్టే మెషీన్లు. రెండోదాంట్లో నిలువుటద్దం, ఒక ట్రెడ్‌మిల్. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు, పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్ళు, కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసినవాళ్ళు. పరుగెత్తి కాలినొప్పి తెచ్చుకున్న ఆడమనిషి మా వైపు అరుదు. అందుకే ఎస్తేరు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది.

రేపల్లె ప్యాసింజర్ దిగి నేరుగా వచ్చింది. ముప్పై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంది. కుర్చీలో కూర్చోకముందే విషయం చెప్పేసింది.

"డాక్టర్ గారూ, డిసెంబర్లో బాపట్ల బీచ్ దగ్గర హాఫ్ మారథాన్ ఉందండి. ఇరవై ఒక్క కిలోమీటర్లు. నేను పేరిచ్చేశాను. ఈ కుడికాలు మాత్రం ఒప్పుకోవట్లేదు. మీరే దీన్ని ఒప్పించాలి."

మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి. నొక్కితే కెవ్వుమంది. దీన్ని మేం షిన్ స్ప్లింట్స్ అంటాం. ఒకే చోట పదేపదే బరువు పడి ఎముక చుట్టూ ఉన్న పొర వాచిపోవడం. అశ్రద్ధ చేస్తే ఎముకలో సన్నటి చీలిక వస్తుంది, దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఎక్స్‌రేలో చీలిక లేదు. అది చూసి ఊపిరి పీల్చుకున్నాను.

అందరినీ అడిగినట్టే అడిగాను. "ఇంట్లో ఎవరికైనా కీళ్ళ జబ్బులు, ఎముకల జబ్బులు ఉన్నాయా అమ్మా?"

"మా అమ్మకి ఉన్నాయండి. కానీ అవి నాకు రావు" అని నవ్వింది. "నన్ను పెంచుకున్నారు. మూడు నెలల పిల్లప్పుడు తెచ్చుకున్నారట. కన్నవాళ్ళ సంగతి ఎవరికీ తెలీదు. ఆ ప్రశ్న దగ్గర అందరు డాక్టర్లూ ఇలాగే ఆగిపోతారు, మీరేం మొహమాటపడకండి."

ఆ తర్వాత వారానికి రెండుసార్లు వచ్చేది. కాలికి ఐస్ పెట్టేటప్పుడు, మెషీన్ నడిచేటప్పుడు కబుర్లు చెప్పేది. వాళ్ళ అమ్మ సలోమి గారు రేపల్లెలో టీచరుగా చేసి రిటైరయ్యారు. నాన్నగారు పోయి నాలుగేళ్ళు. ఎస్తేరు బాపట్లలో ఒక స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్. పిల్లల్ని దత్తత తీసుకోవాలనుకునే దంపతుల ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళతో మాట్లాడి, ఆ ఇంట్లో బిడ్డ బాగా పెరుగుతుందా లేదా అని చూసి రిపోర్టు రాయడం ఆమె పని. దాన్ని హోమ్ స్టడీ అంటారట.

"వాళ్ళకి నీ సంగతి చెబుతావా?" అని అడిగాను ఒకసారి.

"లేదండి. ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు." కాలి మీద ఐస్ సంచీ సర్దుకుంది. "ప్రతి ఇంట్లో ఒకటే అడుగుతారు. 'బిడ్డకి మా పోలికలు రావు కదమ్మా, పెద్దయ్యాక పరాయిదానిలా అనిపించదా?' అని. ట్రైనింగ్‌లో నేర్పిన జవాబు చెప్పి వచ్చేస్తాను. నాకే నమ్మకం లేని జవాబు. చిన్నప్పుడు చర్చిలో మామ్మలు గడ్డం పట్టుకుని, 'టీచరమ్మేమో పొట్టి, తెల్లగా ఉంటుంది. నువ్వు ఎవరి పోలికే?' అనేవాళ్ళు. బస్సెక్కితే ఇప్పటికీ మొహాలు చూస్తానండి. ఈ ముక్కు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని."

నాన్నగారు పోయాక ఇంట్లో కూర్చోలేక, ఒకరోజు పొద్దున్నే కృష్ణ మీదున్న పెనుమూడి వంతెన దాకా నడిచిందట. మర్నాడు కొంతదూరం పరుగెత్తింది. అలా అలవాటైపోయింది.

"ఈ కాళ్ళు ఎవరిచ్చారో తెలీదు. కానీ కృష్ణ గట్టు మీద పరుగెత్తుతుంటే మాత్రం ఇవి నావే అనిపిస్తుందండి. ఇంకెప్పుడూ అలా అనిపించదు."

ఇది విన్నాక ఆ కాలిని బాగుచెయ్యడం నాకు పంతమైంది. కానీ నొప్పి తగ్గినట్టే తగ్గి, పరుగు మొదలెట్టగానే తిరగబెట్టేది. ఇలాంటప్పుడు గెయిట్ ఎనాలిసిస్ చేస్తాం. అంటే మనిషిని నడిపించి, పరుగెత్తించి, వీడియో తీసి, అడుగు ఎలా పడుతోందో నెమ్మదిగా చూడటం. ఎస్తేరుని ట్రెడ్‌మిల్ ఎక్కించి వెనకనుంచి వీడియో తీశాను.

కారణం కనపడింది. కుడికాలు నేలకి ఆనినప్పుడల్లా ఒళ్ళంతా కొంచెం కుడివైపుకి ఒరుగుతోంది. బరువు ఆ కాలి మీద ఎక్కువ పడుతోంది. నడకలో చాలా కొద్దిగా, పరుగులో బాగా. సాధారణంగా తుంటి కండరం బలహీనమైతే ఇలా ఒరుగుతారు, లేదా ఒక కాలు పొట్టిదైతే. ఎస్తేరు కాళ్ళు రెండూ సమానం. తుంటి కండరాలు రాయిలా ఉన్నాయి. నరాల పరీక్ష కూడా చేశాను, ఏ లోపమూ లేదు. గుంటూరులో నాతో చదువుకున్న స్నేహితురాలికి వీడియో పంపిస్తే, "ఆరోగ్యమైన కాలు ఎందుకు కుంటుతోందే?" అని ఎదురు నన్నే అడిగింది.

ఆ ప్రశ్నకి జవాబు ఆగస్టులో తనంతట తనే మెట్లెక్కి వచ్చింది.

ఆ రోజు సలోమి గారు కూడా కూతురితో వచ్చారు. తెనాలిలో చుట్టాల ఇంట్లో పెళ్ళి, పనిలో పనిగా డాక్టరమ్మని చూసి వెళదామని. జరీ చీర, చేతిలో స్వీట్ల పొట్లం, మొహం నిండా నవ్వు. గుమ్మంలోంచి నా టేబుల్ దాకా నడిచి వచ్చారు. నేను లేచి నమస్కారం పెట్టడం కూడా మర్చిపోయి చూస్తుండిపోయాను.

కుడికాలు ఆనినప్పుడల్లా ఆవిడ ఒళ్ళు కుడివైపుకి ఒరుగుతోంది.

"అమ్మా, మీ కాలికి ఏమైంది?" అన్నాను.

"చిన్నప్పుడు పోలియో వచ్చిందమ్మా. దేవుడి దయవల్ల పెద్దగా పట్టుకోలేదు. కాస్త ఊగుతాను, అంతే. పిల్లలు వెనక నన్ను ఊగుడు టీచరని పిలిచేవాళ్ళు."

"ఎస్తేరు చిన్నప్పుడు మీతోనే స్కూలుకి వచ్చేదా?"

"ఇంకెవరితో వస్తుంది? ఐదో తరగతి దాకా నా చెయ్యి వదిలేది కాదు. వాళ్ళ నాన్న సైకిల్ ఎక్కమన్నా ఎక్కేది కాదు."

ఎస్తేరుని గది ఆ చివరనుంచి ఈ చివరకి నడవమన్నాను. పక్కనే సలోమి గారిని. వీడియో తీసి ఇద్దరికీ చూపించాను. ఒకరు పొట్టి, ఒకరు పొడుగు. అడుగు మాత్రం ఒకటే. తల్లి ఎటు ఒరిగితే కూతురు అటే, ఆ లయలోనే.

"రోగమేమీ లేదు ఎస్తేరూ. నడక నేర్చుకునే వయసులో పిల్లలు పక్కనున్నవాళ్ళ అడుగు పట్టుకుంటారు. నువ్వు మీ అమ్మ నడక నేర్చుకున్నావు. మామూలుగా నడిచినన్నాళ్ళూ పర్లేదు. పరుగు మొదలెట్టాక కాలు మొరాయించింది."

ముందు సలోమి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా అవిటితనం బిడ్డకి అంటించానా తల్లీ? నిన్ను ఎత్తుకుని తిరిగినా బాగుండేది."

ఎస్తేరు ఆ మాట వినిపించుకున్నట్టే లేదు. ఫోన్ నా చేతిలోంచి లాక్కుని వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తోంది. ఉన్నట్టుండి నవ్వు మొదలెట్టింది. నవ్వీ నవ్వీ మంచం మీద కూలబడింది. తర్వాత చూస్తే ఏడుస్తోంది.

"అమ్మా, నాకు నీ పోలికొచ్చిందే!" అంది. "చూడవే, అచ్చం నువ్వే! ఊళ్ళో ఒక్కళ్ళకైనా కళ్ళు లేవు. ముక్కూ మొహం చూశారు గాని, కాళ్ళకేసి చూసినవాళ్ళే లేరు!"

"చాల్లే, సంబరం. కుంటి నడక వస్తే ఇంత మురిసిపోయేదాన్ని నిన్నే చూశాను" అంటూ సలోమి గారు చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడా నవ్వుతున్నారు.

స్వీట్లు అక్కడికక్కడే విప్పాం. పక్కగదిలో మోకాలికి కరెంటు పెట్టించుకుంటున్న పెద్దాయనకి కూడా ఒకటి ఇచ్చాం. ఎందుకో ఆయనకి తెలీదు, అయినా తిన్నాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. వైద్యం ఏంటో నాకు తెలుసు. గెయిట్ రీట్రైనింగ్, అంటే అడుగుని కొత్తగా నేర్పడం. అద్దం ముందు నడిపించి, తాళానికి అడుగు వేయించి, పాత అలవాటుని మాన్పించాలి. ఇది చెప్పగానే ఎస్తేరు మొహం మారిపోయింది.

"అంటే దీన్ని తీసేస్తారా?"

"తీసెయ్యకపోతే పరుగెత్తలేవు కదమ్మా."

"పరుగు మార్చండి. నడక జోలికి మాత్రం వెళ్ళకండి." గొంతులో ఆటపట్టింపు లేదు. "ముప్పై ఏళ్ళకి దొరికిందండి నాకు. ఇంకా సరిగ్గా చూసుకోనేలేదు."

చదువుకున్నదాని ప్రకారం లోపం కనిపిస్తే సరిచెయ్యాలి. కానీ నడకలో ఆ ఒరుగుడు ఎంతో స్వల్పం, దానివల్ల ఆమెకి ఏ హానీ జరగట్లేదు. బాగా ఆలోచించి ఒప్పుకున్నాను. నడిచేటప్పుడు ఎప్పుడైనా నొప్పి వస్తే మాత్రం వెంటనే నా దగ్గరికి రావాలని మాట తీసుకున్నాను. తర్వాత పరుగు ఒక్కదాన్నే మొదటినుంచి నేర్పాం. చిన్న అడుగులు, త్వరత్వరగా. అద్దంలో నడుము మీదే చూపు. మధ్యలో ఒకసారి తొందరపడి వాడరేవు బీచ్ ఇసకలో పరుగెత్తి, నొప్పి తెచ్చుకుని, తిట్లు తిని, మళ్ళీ విశ్రాంతి తీసుకుంది. నవంబర్ వచ్చేసరికి ట్రెడ్‌మిల్ మీద నిటారుగా పరుగెత్తేది. దిగి తలుపు దాకా వెళ్ళేటప్పుడు మాత్రం సలోమి గారిలా నడిచేది.

డిసెంబర్లో ఆ ఆదివారం నేనూ బాపట్ల వెళ్ళాను. పరుగు ముగిసేచోట సలోమి గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. గెలిచినవాళ్ళు వచ్చేశారు, తర్వాతి గుంపు వచ్చింది. చాలాసేపటికి సరుగుడు తోటల మలుపులో ఎస్తేరు కనిపించింది. చెమటతో తడిసి ముద్దయింది. అలసిపోయింది. అలసటలో, నాలుగు నెలలు నేను నేర్పిందంతా జారిపోయింది. కుడివైపుకి ఊగుతూ వస్తోంది.

"నడుము! ఎస్తేరూ, నడుము!" అని గొంతు చించుకుని అరిచాను.

సలోమి గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "వదిలెయ్యండమ్మా. ఇంకెంత దూరం, వచ్చేస్తుంది." కుర్చీలోంచి లేచి, ఊగుతూనే కూతురికి ఎదురెళ్ళారు.

ఎస్తేరు ఇప్పటికీ పరుగెత్తుతోంది. కాలు మళ్ళీ ఇబ్బంది పెట్టలేదు. ఈమధ్య ఫోన్ చేసినప్పుడు, హోమ్ స్టడీకి వెళ్ళిన ఇళ్ళలో తన కథ చెబుతున్నానంది. చీరాల దగ్గర ఒకాయన పోలికల సంగతి ఎత్తగానే లేచి నిలబడి, వాళ్ళ హాల్లో అటూ ఇటూ నడిచి చూపించిందట. "ఇది మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిందండి. మీ బిడ్డకి మీ దగ్గర్నుంచి ఏం వస్తుందో మీరే చూద్దురుగాని" అందట. పోయిన నెలలో వాళ్ళింటికి పాప వచ్చింది.

నా వృత్తిలో ఆ కేసు ఒక అలవాటుని మార్చింది. అంతకుముందు ఒంట్లో ఏదైనా వంకర కనిపిస్తే చాలు, నా చేతులు దాన్ని సరిచెయ్యాలని ఆరాటపడేవి. ఇప్పుడు కాసేపు ఆగుతాను. అది ఆ మనిషికి ఎక్కణ్ణించి వచ్చిందో, ఎంత ప్రియమైందో తెలుసుకుంటాను. ఏం బాగుచెయ్యాలో చదువు చెబుతుంది. దేన్ని ముట్టుకోకూడదో మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషే చెప్పాలి.