బిగుసుకున్న కాలుతో ఛత్రినాక బస్సులో

ఛత్రినాక నుంచి నది అవతలి ఆసుపత్రికి బస్సులో ముప్పావుగంట ప్రయాణం, ట్రాఫిక్ దయతలిస్తే. ఆ దారిలో పంతొమ్మిదేళ్లు కండక్టరుగా తిరిగాను. ఏ మలుపులో బస్సు ఎటు ఒరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. అయినా ఆ సోమవారం పొద్దున బయలుదేరుతుంటే ఆ దారికే భయపడ్డాను. ఆ రోజు నేను టికెట్లు కొట్టే మనిషిని కాదు, పరీక్షకు పోయే రోగిని. నాలాంటి కాళ్లతో ఈ దారిన పోవలసినవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని, ఏ వేళకు ఏం జరిగిందో దాచకుండా రాస్తున్నాను. నా తెలివితక్కువ పని కూడా కలిపే.

నా జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీదుండే పొర అక్కడక్కడా దెబ్బతింటుంది, మెదడు చెప్పిన మాట కాలికి సరిగ్గా అందదు. నా ఎడమ కాలు దానంతటదే కర్రలా బిగుసుకుంటుంది. మునివేళ్ల మీద బరువు పడితే మడమ టకటకా కొట్టుకుంటుంది. ఆపుదామన్నా ఆగదు. మూడు నెలల సెలవు అయిపోయింది. ఆ రోజు పదిన్నరకు డాక్టరమ్మ నన్ను చూసి, మళ్లీ బస్సెక్కి డ్యూటీ చేయవచ్చో లేదో రాయాలి. బస్సు దిగితే నేనేం మనిషినో నాకే తెలియదు. అదే నా ఫికరంతా.

ఏడు గంటలకు లేచి, గోడకు చేతులానించి పిక్కలు సాగదీశాను. నా భార్య సువర్ణ చాయ్ తెచ్చి, "నేను గూడ వస్త," అంది.

"వద్దు. నువ్వు రెక్క పట్టుకొని లోపటికి తీస్కపోతె ఇంకేమన్న ఉందా? ఆడికాడనే రాసేస్తది, వీనితోని కాదని."

"ఐతె గోలీలు టైముకు ఏస్కో. నీ సొంత డాక్టరీ జెయ్యకు."

ఆమె వంటింట్లోకి పోగానే సొంత డాక్టరీ చేశాను. నావి బిగువు తగ్గించే మాత్రలు. పొద్దున వేసుకోవలసిన దానితో పాటు మధ్యాహ్నానిది కూడా మింగేశాను. డాక్టరమ్మ ముందు మడమ కొట్టుకోకూడదు, అంతే నా ఆలోచన. చెకింగ్‌వాళ్లు వచ్చే రోజు యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నట్టు కాలిని కూడా ఇస్త్రీ చేసి తీసుకుపోదామనుకున్నాను.

ఎనిమిదీ ఇరవైకి స్టాపులో ఉన్నాను. ఆడవాళ్లకు టికెట్ తీసేసి ఉచితం చేసినప్పటి నుంచి ఈ బస్సులో పొద్దున పూట కాలు పెట్టే సందు దొరకదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు జబ్బు కాలు ముందు. ఇది గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. కుడి కాలు మెట్టు మీద పెట్టి కడ్డీ పట్టుకున్నాను. ఎడమ కాలు ఇంకా రోడ్డు మీదే ఉంది. లోపలి నుంచి "రైట్ రైట్!" అని కేక, బస్సు కదిలింది. కడ్డీకి వేలాడుతూ ఎలాగో కాలు పైకి లాక్కున్నాను. ఒళ్లంతా చెమట పట్టింది.

కోపంతో కండక్టర్ మొహం చూశాను. శ్రీను. నేను పని నేర్పిన పిల్లగాడు. జనంలో నన్ను చూడనే లేదు. ఏడేళ్ల కిందట ఇదే బస్సులో వాడికి నేను చెప్పిన మాట నాకే వినబడింది: "కాలు మెట్టు మీద పడ్డదా, రైట్ కొట్టు. కూసునేదాక ఆగితె ట్రిప్పు లేటైతది." తిట్టబోయిన మాట మింగేసి, కూర్చునే చోటు వెతుక్కున్నాను.

మాదన్నపేట మార్కెట్ నుంచి కూరగాయల సంచీతో వస్తున్న ఒక పెద్దమ్మ జరిగి చోటిచ్చింది. కూర్చున్న రెండు నిమిషాలకే, శాలిబండ దగ్గర, కాలు తన్నుకొచ్చి దారికి అడ్డంగా బిగుసుకుంది. పోయేవాళ్లు తట్టుకుని తిట్టుకుంటున్నారు. పెద్దమ్మ వంగి నా బొటనవేలు పట్టుకుంది.

"నరం పట్టింది బిడ్డా. ఒక్క గుంజు గుంజితె పోతది."

వద్దనేలోపే గుంజింది. పిక్క రాయిలా గట్టిపడి, నొప్పి తొడదాకా ఎక్కింది. "అమ్మా, ఇడ్సిపెట్టు, ఇది నరం పట్టుడు గాదు," అని అరిచాను. ఇలాంటప్పుడు లాగకూడదు. నడుం ముందుకు వంచి, మోకాలి కింద రెండు చేతులు పెట్టి, ఊపిరి మెల్లగా వదులుతూ ఆగాలి. కాలితో కొట్లాడకూడదు. బతిమాలుకున్నట్టు అడిగితే అదే వంగుతుంది. అలాగే చేసి కాలు వంచుకుంటుంటే పెద్దమ్మ నోరు తెరిచి చూస్తూ కూర్చుంది.

"దేవుడా, గిదేం రోగం బిడ్డా!"

హుస్సేనీ ఆలంలో ట్రాఫిక్ ఆగిపోయింది. తొమ్మిది దాటింది. మూత్రం ఆపుకుంటే నా కాలు ఇంకా బిగుస్తుంది. కండక్టర్లకు ఆపుకోవడం పనిలో భాగం గనుక చాలా ఏళ్లు ఆ సంగతి కనిపెట్టలేకపోయాను. అప్పుడూ ఆపుకునే ఉన్నాను, కానీ ఈసారి కాలు బిగియలేదు. వింతగా, కాలు మెత్తబడుతూ వచ్చింది. కళ్లు మూతలు పడుతున్నాయి. రెండు గోలీలు పనిచేస్తున్నాయని సంతోషించాను. ఎంత పిచ్చివాణ్ణో చూడండి.

నయాపూల్ వంతెన దాటాక నా స్టాపు వచ్చింది. ఎడమ కాలు ముందు కింద పెట్టాను. అది తడిసిన అట్టలా మడతపడిపోయింది. రోడ్డు మీద మోకాళ్ల మీద పడ్డాను. వెనక నుంచి "రైట్ రైట్!" వినబడింది, బస్సు వెళ్లిపోయింది. ఆటోవాళ్లు కేకలేశారు. వాళ్లలో ఒకాయన దిగొచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు.

"అరె భాయ్, సంభాల్‌కే! తాగినవా ఏంది పొద్దుగాల్నే?"

"తాగలే భాయ్. మందు జాస్తి అయింది."

"మందంటె మందే గద!" అని నవ్వాడు. కానీ నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఖలీల్ భాయ్, హుస్సేనీ ఆలం మనిషి. ఆసుపత్రి మెట్ల దాకా తెచ్చి, మెట్లు ఎక్కించి, చక్రాల కుర్చీ వెతికి మరీ పోయాడు. భార్య రెక్క పట్టుకుంటే నామోషీ అనుకున్నవాణ్ణి కుర్చీలో దొర్లుకుంటూ లోపలికి పోయాను.

పదీ నలభైకి పిలిచారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, తొందరపడదు.

"యాదగిరి గారూ, ఎడమ కాలి మీద నిలబడండి."

నిలబడలేకపోయాను. ఆమే పట్టుకుంది.

"పోయినసారి కర్రలా ఉందే ఈ కాలు? ఎన్ని మాత్రలు వేసుకున్నారు?"

"ఒక్కటే మేడం."

ఆమె పెన్ను మూసి నా వైపే చూస్తూ కూర్చుంది. టికెట్ తీసుకోనివాడి ముందు నేనూ అలాగే నిలబడేవాణ్ణి. రెండు నిమిషాల్లో నిజం ఒప్పుకున్నాను.

"మీ కాల్లో బలం తగ్గింది. ఇన్నాళ్లూ మిమ్మల్ని నిలబెట్టింది ఆ బిగువే. దాన్నంతా మాత్రతో తీసేస్తే ఇంకేం మిగులుతుంది? కొంత ఉండాలి, ఎక్కువ కాకూడదు. అందుకే కొలిచి రాస్తాం. మధ్యాహ్నం మాత్ర ఇప్పటికే వేసుకున్నారు కాబట్టి మళ్లీ వేసుకోకండి. ఇక్కడే కూర్చోండి, మూడింటికి మళ్లీ చూస్తాను."

వరండాలో బల్ల మీద నాలుగు గంటలు కూర్చున్నాను. క్యాంటీన్ నుంచి ఎవరో పుణ్యాత్ముడు ఇడ్లీ తెచ్చిపెట్టాడు. సువర్ణకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"దిమాక్ ఉన్నదా నీకు? వస్తున్న ఆగు!"

"వద్దు. నా అంతట నేనే వస్త."

"వస్తవో, మోస్కస్తరో!" అని ఫోన్ పెట్టేసింది. ఏడుపు గొంతు. నా అబద్ధంతో ఉద్యోగం మొత్తానికే పోయిందేమోనన్న భయంతో నాకు ఇడ్లీ దిగలేదు.

రెండున్నరకు మడమ మెల్లగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. జబ్బు వచ్చాక ఆ చప్పుడుకు సంతోషించింది అదొక్కసారే.

మూడింటికి డాక్టరమ్మ అన్నీ మళ్లీ పరీక్షించి, చివర్లో, "బస్సులో ఎలా నిలబడతారో చూపించండి," అంది. మా పనిలో రెండు చేతులకూ తీరికుండదు, ఒకదాంట్లో టికెట్ మిషను, ఒకదాంట్లో చిల్లర. అందుకని రెండో సీటు కమ్మీకి మోకాలు ఆనించి నిలబడతాం. మంచం కమ్మీకి ఎడమ మోకాలు ఆనించి నిలబడ్డాను. బిగువు నన్ను నిలబెట్టింది. గర్వంగా ఆమె వైపు చూశాను.

"ఇప్పుడు డ్రైవర్ బ్రేకు వేశాడు," అని నా భుజాన్ని రెండు వేళ్లతో నెట్టింది. నిలువునా మంచం మీద పడ్డాను, మడమ టకటకా కొట్టుకుంటూ.

"మంచం కాబట్టి సరిపోయింది. బస్సులో ఎవరి మీద పడతారు?"

కూరగాయల పెద్దమ్మ గుర్తొచ్చింది. డాక్టరమ్మ రాసింది: కదిలే బస్సులో డ్యూటీ వద్దు, డిపోలో కూర్చుని చేసే పని ఇవ్వండి. ఉద్యోగం నిలిచింది. అయినా బయటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాను. సిగ్గు పడి దాచడానికేముంది, బాగానే ఏడ్చాను.

నాలుగూ నలభైకి ఛత్రినాక బస్సు వచ్చింది. కండక్టర్ మళ్లీ శ్రీనే. ఈసారి నన్ను చూశాడు.

"అన్నా! నువ్వా! ఎన్నొద్దులైంది!"

"పొద్దుగాల గూడ నీ బస్సే ఎక్కిన. సగం ఎక్కంగనే రైట్ కొట్టినవ్."

వాడి మొహం మాడిపోయింది. "నేను చూడలే అన్నా."

"చూడకుంట కొట్టుడు నేర్పింది నేనే గదరా."

వాడు నన్ను కూర్చోబెట్టాకే కేకేశాడు. డాక్టరమ్మ రాసిన కాగితం చూపించాను. చదివి, మడిచి, నా జేబులో పెట్టాడు. శాలిబండ దాకా మోకాలు రెండో సీటు కమ్మీకి ఆనించి టికెట్లు కొడుతూనే ఉన్నాడు. నేను ఆ మోకాలినే చూస్తూ కూర్చున్నాను.

ఈ ప్రయాణంలో నాకు తెలిసింది ఇంతే. ఈ జబ్బుతో పోయేవాళ్లకు దూరం పెద్ద లెక్క కాదు. ఎక్కడానికీ దిగడానికీ మధ్య ఎవరో ఒకరు అరనిమిషం ఆగాలి. మాత్ర చెప్పినంతే వేసుకోవాలి. రెక్క పట్టుకుంటామన్నవాళ్లను పట్టుకోనివ్వాలి.

ఛత్రినాకలో ఎడమ కాలు ముందు కింద పెట్టాను. మెట్టు మీద మడమ కొట్టుకుంది. వెనక ఆటోలు హారన్లు, లోపల "జల్దీ పోనీయ్" అని లొల్లి. శ్రీను రైట్ కొట్టలేదు. రెండు కాళ్లూ నేల మీద ఆనాక, తలుపులోంచి వంగి అన్నాడు.

"రైట్ నువ్వే చెప్పన్నా."

ముందు తలుపు దగ్గర ఒకామె చంటిపిల్లతో ఎక్కుతోంది. ఆమె కడ్డీ పట్టుకుంది, రెండో కాలు పైకి తీసింది, లోపలికి పోయి కూర్చుంది. అప్పుడు బస్సు పక్కన అరచేత్తో రెండుసార్లు చరిచి, "రైట్ రైట్!" అన్నాను. నా గొంతు గట్టిగానే ఉంది. పంతొమ్మిదేళ్లలో చెప్పిన అన్ని రైట్లలో నేను ఆగి, చూసి చెప్పింది అదొక్కటే.